నొప్పికి సూదులు: ఆక్యుపంక్చర్ చుట్టూ సాగుతున్న వాదం

ఒంటి మీద ఎంచుకున్న చోట్ల సన్నటి సూదులు గుచ్చి నొప్పిని తగ్గించే చైనా వైద్య పద్ధతి ఆక్యుపంక్చర్. నడుము నొప్పి, మోకాళ్ల అరుగుదల, మెడ పట్టేయడం, పార్శ్వపు తలనొప్పి లాంటి ఏళ్ల తరబడి వదలని బాధలకు జనం ఆశ్రయించే ప్రత్యామ్నాయ వైద్యాల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. గత 50 ఏళ్లలో దీని మీద వేల మంది రోగులతో ప్రయోగాలు జరిగాయి. అయినా వాదం తెగలేదు. సూదులు వేయించుకున్న చాలామందికి నొప్పి తగ్గుతుందన్న మాట మీద ఇరుపక్షాలకూ పెద్ద పేచీ లేదు. తగ్గించింది సూదా, సూది చుట్టూ జరిగే తతంగమా అన్నదే తగువు. ఈ తేడా పట్టుకోకపోతే ఒకే దేశంలో ఒకే సంస్థ ఒకసారి వాడమనీ, ఏడేళ్లకు వాడొద్దనీ ఎందుకు చెప్పిందో అర్థం కాదు.

సూది, గుచ్చే తీరు

ఇది ఇంజెక్షన్ సూది కాదు. లోపల రంధ్రం ఉండదు, మందేమీ ఎక్కదు. మందం సుమారు పావు మిల్లీమీటరు, పొడవు ఒకటి ఒకటిన్నర అంగుళాలు. సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో సూదిని పెట్టి, గొట్టాన్ని చర్మానికి ఆనించి, పైకి కనిపించే పిడిని చూపుడు వేలితో టక్కున తడతారు. చర్మం దాటిన సంగతి చాలాసార్లు రోగికి తెలియను కూడా తెలియదు. గొట్టం తీసేసి, పిడిని వేళ్ల మధ్య మెలితిప్పుతూ లోపలికి దించుతారు. కండలో కొంత లోతుకు పోయాక లాగినట్టు, బరువెక్కినట్టు, తిమ్మిరి పాకినట్టు ఒక బాధ పుడుతుంది. చైనా వైద్యులు దాన్ని ‘దే చీ’ అంటారు. అది పుట్టకపోతే సూది సరిగ్గా పడలేదని వారి లెక్క. ఇరవై నిమిషాల నుంచి అరగంట దాకా సూదుల్ని అలాగే ఉంచుతారు. కొందరు వాటికి క్లిప్పులు తగిలించి స్వల్పంగా కరెంటు పంపుతారు. వారానికి ఒకటి రెండుసార్ల చొప్పున పది పన్నెండు విడతలు మామూలు.

గుచ్చే చోట్లలో ఎక్కువగా వినిపించే పేర్లు రెండు. మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ల దూరంలో, ముంగాలి ఎముకకు బయటి పక్కన ఉండేది జుసాన్లి. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కండలో ఉండేది హెగు. పంటి నొప్పికీ తలనొప్పికీ దీన్ని వాడతారు. సంప్రదాయం ప్రకారం ‘చీ’ అనే ప్రాణశక్తి 12 జంట మార్గాల్లో ఒళ్లంతా తిరుగుతుంది. దానికి అడ్డుపడితే నొప్పి, సూదితో అడ్డు తీస్తే ఉపశమనం. పాత గ్రంథాలు ఇలాంటి బిందువులు 365 అన్నాయి, ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రామాణిక పట్టికలో ఉన్నవి 361. శవాన్ని కోసి చూసినా, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసినా ఈ మార్గాల జాడ దొరకలేదు. ఇవాళ పరిశోధన చేసే ఆక్యుపంక్చర్ వైద్యుల్లోనూ చాలామంది ‘చీ’ని పక్కనపెట్టి నరాల భాషలోనే మాట్లాడతారు.

పుట్టుపూర్వోత్తరాలు

క్లినిక్ బోర్డుల మీద ‘5,000 ఏళ్ల నాటి వైద్యం’ అని కనిపిస్తుంది. ఆధారాలు అంత వెనక్కి పోవు. హునాన్ రాష్ట్రం మవాంగ్‌దుయిలో క్రీ.పూ. 168లో మూసిన సమాధి నుంచి 1973లో వైద్యపు రాతప్రతులు బయటపడ్డాయి. వాటిలో ఒంట్లోని మార్గాల గురించి ఉంది, వేడి తగిలించే చికిత్స గురించి ఉంది. సూదుల ఊసు లేదు. ఆ వేడికి వాడేది ఎండబెట్టి దంచిన మాచిపత్రి జాతి ఆకు. వినాయక చవితి పత్రిలో మనం తెచ్చుకునే మాచిపత్రికి దగ్గర చుట్టం. సూదుల విధానాన్ని వివరంగా చెప్పిన హువాంగ్‌ది నైజింగ్ క్రీస్తుకు ముందు ఒకటి రెండు శతాబ్దాల్లో కూర్చినదని పండితుల అంచనా.

ఆక్యుపంక్చర్ మన దగ్గరే పుట్టి చైనా వెళ్లిందని భారతదేశంలో కొందరు రాస్తుంటారు. సుశ్రుతుడు చెప్పిన 107 మర్మస్థానాలను సాక్ష్యంగా చూపుతారు. కానీ సుశ్రుతుడు వాటిని చెప్పింది అక్కడ గాయమైతే ప్రాణం మీదికో అవయవం మీదికో వస్తుంది, శస్త్రం పడనీయొద్దని హెచ్చరించడానికి. సూది గుచ్చమని కాదు. ఈ సాక్ష్యం నిలబడదు.

ఐరోపాకు ఆ పేరును, పద్ధతిని పరిచయం చేసినవాడు డచ్చి ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలెం టెన్ రైనె. జపాన్‌లో ఉద్యోగం చేస్తూ చూసినదాన్ని 1683లో లాటిన్‌లో ప్రచురించాడు. ఐరోపా ఆసక్తి పెరుగుతున్న కాలంలోనే సొంత గడ్డ మీద సూదికి గౌరవం తగ్గింది. 1822లో చక్రవర్తి దావ్‌గ్వాంగ్ రాజవైద్య విద్యాలయంలో ఆక్యుపంక్చర్ బోధనను రద్దు చేశాడు. 1929లో చైనా జాతీయ ప్రభుత్వం ముందుకు సంప్రదాయ వైద్యం మొత్తాన్నీ ఎత్తేయాలన్న ప్రతిపాదనే వచ్చింది. దేశవ్యాప్తంగా వైద్యులు నిరసన తెలపడంతో ఆగింది. ఆ వైద్యాన్ని మళ్లీ పైకి తెచ్చింది మావో ప్రభుత్వం. కోట్ల జనానికి పాశ్చాత్య వైద్యం చదివిన డాక్టర్లు చాలా కొద్దిమందే ఉన్న దేశంలో చవకైన సూది అక్కరకొచ్చింది. పల్లెల్లో ‘చెప్పుల్లేని డాక్టర్లు’ దాన్ని పట్టుకు తిరిగారు. మావో మాత్రం తనకు ఆ వైద్యం మీద నమ్మకం లేదని అన్నట్టు ఆయన సొంత వైద్యుడు లీ జీసూయ్ జ్ఞాపకాల్లో రాశాడు.

ఒక అపెండిసైటిస్ కథ

అమెరికాలో ఆక్యుపంక్చర్ మోజు ఒక పత్రికా కథనంతో రాజుకుంది. న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్ 1971 జులైలో పెకింగ్‌లో ఉండగా అపెండిసైటిస్ వచ్చింది. ఆపరేషన్ అయింది. ఆ అనుభవాన్ని జులై 26న పత్రికలో రాశాడు. ఏడు నెలలకు అధ్యక్షుడు నిక్సన్ చైనా పర్యటన. అప్పటికే రెస్టన్‌కు సూదులతోనే మత్తు ఇచ్చి కడుపు కోశారన్న మాట అమెరికా అంతా పాకింది. నేటికీ చాలా పుస్తకాల్లో అదే కనిపిస్తుంది. రెస్టన్ రాసింది అది కాదు. ఆపరేషన్ మామూలు మత్తు ఇంజెక్షన్లతోనే జరిగింది. మర్నాడు రాత్రి కడుపు ఉబ్బరంతో బాధపడుతుంటే మోచేతి దగ్గరా మోకాళ్ల కిందా మూడు సూదులు గుచ్చారు, కొద్దిసేపు మాచిపత్రి పొగ చూపించారు. గంటలోపు తేలికపడింది. ఆపరేషన్ తర్వాత గ్యాస్ దానంతట అదే సర్దుకునే వేళ అది.

సూదులతో మత్తు కథ అంతటితో ఆగలేదు. చైనా వెళ్లిన విదేశీ బృందాలకు మెలకువగా ఉన్న రోగులకు చేసే ఆపరేషన్లు చూపించేవారు. రోగుల్ని ఏరికోరి ఎంచుకునేవారనీ, నొప్పి తెలియకుండా వేరే మందులు కూడా ఇచ్చేవారనీ తర్వాత తేలింది. 2006లో బీబీసీ షాంఘైలో ఒక యువతికి సూదులు గుచ్చి గుండె ఆపరేషన్ చేయడం ప్రసారం చేసింది. ఆమెకు మిడజోలం, డ్రోపెరిడాల్, ఫెంటానిల్ ఇచ్చారు, ఛాతీకి మత్తు ఇంజెక్షన్లు కూడా ఇచ్చారు. ఫెంటానిల్ మార్ఫిన్‌కన్నా ఎన్నో రెట్లు ఘాటైనది. తెర మీద మాత్రం సూదులే కనిపించాయి.

ఒంట్లో ఏం జరుగుతుంది

రెస్టన్ కథనానికి ఆరేళ్ల ముందు, 1965లో, రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు నొప్పికి ‘ద్వార సిద్ధాంతం’ ప్రతిపాదించారు. దెబ్బ తగిలిన చోటి నుంచి వచ్చే సంకేతం వెన్నుపాములో ఒక ద్వారం గుండా పోవాలి. స్పర్శను మోసే ఇతర నరాలు ఆ ద్వారాన్ని కొంత మూయగలవు. దెబ్బ తగిలితే చెయ్యి దానంతట అదే ఆ చోటుకు పోయి రుద్దేది అందుకే. సూది పోటు కూడా అలాంటి అడ్డు సంకేతమే పంపుతుందని వాదించడానికి ఒక పునాది దొరికింది.

తర్వాత ఎండార్ఫిన్ల యుగం వచ్చింది. మెదడు తనకు తానే మార్ఫిన్ లాంటి పదార్థాలు తయారు చేసుకుంటుందని 1970ల నడుమ తెలిసింది. 1976లో కెనడా శాస్త్రవేత్త బ్రూస్ పామరాంజ్ ఎలుకల్లో సూది వల్ల కలిగే ఉపశమనం నలోక్సోన్ ఇస్తే మాయమవుతోందని చూపించాడు. మార్ఫిన్‌కు విరుగుడు నలోక్సోన్. పెకింగ్‌లో హాన్ జీషెంగ్ ఏళ్ల తరబడి ఇదే దారిలో పనిచేసి, సూదికిచ్చే కరెంటు వేగాన్ని బట్టి విడుదలయ్యే పదార్థాలు మారతాయని చెప్పాడు. 2010లో అమెరికాలో మైకెన్ నెడర్‌గార్డ్ బృందం ఎలుకల కాళ్లలో జుసాన్లి చోట సూది మెలిపెడితే అక్కడ అడినోసిన్ అనే పదార్థం పెరిగి నొప్పి తగ్గుతోందని ప్రకటించింది.

ఇవన్నీ సూదికి అనుకూలమైన సాక్ష్యాలే. కానీ 1978లో అమెరికాలో జాన్ లెవీన్ బృందం పన్ను పీకించుకున్నవారితో ఒక ప్రయోగం చేసింది. వారికి మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ (ప్లాసిబో) ఇస్తే కొందరికి నొప్పి తగ్గింది. నలోక్సోన్ ఇవ్వగానే ఆ తగ్గుదలా పోయింది. అంటే నమ్మకం కూడా ఎండార్ఫిన్ల దారినే పనిచేయగలదు. కాబట్టి ‘సూది వేస్తే ఎండార్ఫిన్లు వస్తాయి, ఇది ప్లాసిబో కాదు’ అన్న వాదనకు బలం లేకుండా పోయింది. ఆక్యుపంక్చర్ కరపత్రాలు పామరాంజ్ పేరు తలుస్తాయి, లెవీన్ పేరు తలవవు.

ఉత్తుత్తి సూది

మందు బిళ్లను పరీక్షించడం తేలిక. అదే రంగు, అదే రుచి ఉన్న పిండి బిళ్ల చేసి సగం మందికి ఇస్తే సరి. సూదికి ఆ వెసులుబాటు లేదు. గుచ్చారో లేదో రోగికి తెలుస్తుంది, గుచ్చే డాక్టరుకూ తెలుస్తుంది. ఈ చిక్కు విప్పడానికి పరిశోధకులు పడిన పాట్లు ఈ వివాదంలోకెల్లా ఆసక్తికరమైన భాగం.

మొదట్లో చేసింది బిందువులు కాని చోట్ల పైపైన గుచ్చడం. 1998లో జర్మనీలో కొన్రాడ్ స్ట్రైట్‌బెర్గర్ మొండి మొన ఉన్న ఒక సూదిని తయారు చేశాడు. నాటకాల్లో పొడిస్తే పిడిలోకి జారిపోయే కత్తి లాంటిది. చర్మానికి తగిలి చురుక్కుమంటుంది, కాడ పిడిలోకి వెళ్లిపోతుంది, చూసేవారికి గుచ్చుకున్నట్టే ఉంటుంది. అమెరికాలో డాన్ చెర్కిన్ బృందం ఇంకా సులువైన దారి పట్టింది. బోర్లా పడుకున్న రోగి నడుము మీద సూది గొట్టం ఆనించి, దాంట్లోంచి పళ్లు కుట్టుకునే పుల్లతో పొడిచి, మెలితిప్పి, తీసేశారు. 638 మందితో చేసిన ఆ ప్రయోగం ఫలితాలు 2009లో వచ్చాయి. రోజువారీ పనులు చేసుకోవడంలో చెప్పుకోదగ్గ మెరుగు కనిపించినవారు సూదుల గుంపుల్లోనూ పుల్లల గుంపులోనూ దాదాపు 60 శాతం. మామూలు వైద్యంతో సరిపెట్టుకున్నవారిలో 39 శాతం.

అంతకన్నా పెద్దది జర్మనీలో ఆరోగ్య బీమా సంస్థల డబ్బుతో జరిగిన గెరాక్ పరిశోధన. నడుము నొప్పి విభాగంలో 1,162 మంది. సగటున ఎనిమిదేళ్లుగా బాధపడుతున్నవారు. ఆరు నెలల తర్వాత గుణం కనిపించినవారు అసలు సూదుల గుంపులో 47.6 శాతం, తప్పుడు చోట్ల పైపైన గుచ్చిన గుంపులో 44.2 శాతం. మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం అందుకున్న గుంపులో 27.4 శాతమే. మోకాళ్ల నొప్పుల విభాగంలోనూ ఇంచుమించు ఇదే వరస: 53.1, 51.0, 29.1.

ఈ మూడు అంకెల్లో ఏ రెండు పక్కపక్కన పెట్టుకున్నారన్న దాన్ని బట్టే తీర్పు మారిపోతుంది. మొదటి రెండూ చూస్తే బిందువులు, మార్గాలు, ‘చీ’ అన్నీ ఉత్తమాటలు. ఎక్కడ గుచ్చినా ఒకటే. మొదటిదీ మూడోదీ చూస్తే సూదివైద్యం మామూలు వైద్యాన్ని చాలా వెనక్కి నెట్టింది. జర్మనీ ప్రభుత్వ ఆరోగ్య బీమా పెద్దలు రెండో దారి ఎంచుకుని, 2006లో నడుము నొప్పికీ మోకాళ్ల నొప్పికీ ఆక్యుపంక్చర్ ఖర్చు భరించడానికి ఒప్పుకున్నారు. తలనొప్పికి ఒప్పుకోలేదు. అక్కడ అది మామూలు వైద్యాన్ని దాటలేదు.

అన్ని ప్రయోగాల్నీ కలిపి లెక్క కట్టిన వాటిలో ఆండ్రూ వికర్స్ బృందానిది పేరున్నది. 2012లో 29 ప్రయోగాల నుంచి 17,922 మంది రోగుల విడివిడి వివరాలు తీసుకున్నారు. 2018లో 39 ప్రయోగాలకు పెంచారు. వారిచ్చిన ఉదాహరణ ఇది: నూటికి 60 స్థాయిలో నొప్పితో మొదలైతే, సూదులేమీ లేనివారిలో 43కు, ఉత్తుత్తి సూదులవారిలో 35కు, అసలు సూదులవారిలో 30కి దిగుతుంది. అసలుకూ ఉత్తుత్తికీ తేడా ఐదు మార్కులు. తేడా ఉంది కాబట్టి ఇది ఒట్టి ప్లాసిబో కాదని వికర్స్ బృందం అంటుంది. డేవిడ్ కోల్కున్, స్టీవెన్ నొవెల్లా లాంటి విమర్శకులు ఆ ఐదు మార్కులు రోగికి తెలిసేంత పెద్దవి కావనీ, గుచ్చే డాక్టరుకు ఏది అసలో తెలుసు కాబట్టి ఆ ఎరుకే అంత తేడా తేగలదనీ అంటారు. 2013లో వారు రాసిన వ్యాసం శీర్షికే ఆక్యుపంక్చర్ రంగస్థల ప్లాసిబో అని తేల్చేసింది.

రెండో పక్షం జవాబు కూడా వినదగ్గదే. తప్పుడు చోట గుచ్చినా, పుల్లతో పొడిచినా నరాలకు కొంత ప్రేరణ అందుతుంది. అలాంటప్పుడు దాన్ని ఖాళీ బిళ్లతో సమానం చేయడం ఎలా? పైగా రొమ్ము క్యాన్సర్ మందుల వల్ల కీళ్ల నొప్పులు వచ్చిన 226 మంది స్త్రీలతో 2018లో వెలువడిన అమెరికా ప్రయోగంలో అసలు సూదులు పది మార్కుల కొలతలో నొప్పిని రెండు మార్కులు తగ్గించాయి, ఉత్తుత్తి సూదులు ఒకటే. నిజమే, కానీ ఆ ఒక్క మార్కు తేడా కూడా చిన్నదే. ఉత్తుత్తి సూదికీ ప్రభావం ఉందని ఒప్పుకుంటే ఏళ్ల తరబడి బిందువుల పటం బట్టీ పట్టడం దేనికన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఈ వ్యాస రచయితకు విమర్శకుల పక్షమే బలంగా కనిపిస్తోంది. అయితే వారి వాదం కూల్చింది సిద్ధాంతాన్ని. రోగికి కలిగిన ఉపశమనాన్ని కాదు.

చైనా ప్రయోగాల మాట వేరే. 1998లో వికర్స్ బృందమే దేశాలవారీగా ప్రచురిత ఫలితాలు పోల్చి చూస్తే, చైనా నుంచి వచ్చిన ఆక్యుపంక్చర్ ప్రయోగాల్లో ఒక్కటీ విఫలం కాలేదు. ఏ వైద్యానికీ అంత అదృష్టం ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో వెలువరించిన ఆక్యుపంక్చర్ సమీక్ష అలాంటి ప్రయోగాల మీద ఎక్కువగా ఆధారపడి విమర్శలపాలైంది.

ఇదే కొలతతో అల్లోపతి

ఉత్తుత్తి చికిత్సతో పోల్చే కొలబద్దను అల్లోపతికీ పెడితే కొన్ని పాత అలవాట్లు నిలబడలేదు. 2002లో అమెరికాలో బ్రూస్ మోస్లీ అనే సర్జన్ 180 మంది మోకాలి రోగుల్లో కొందరికి ఆర్థ్రోస్కోపీ (చిన్న గాట్ల గుండా కీలు లోపల చేసే ఆపరేషన్) చేసి, కొందరికి చర్మం మీద గాట్లు పెట్టి కుట్లు వేసి పంపాడు. రెండేళ్ల పాటు గమనిస్తే తేడా లేదు. ఆస్ట్రేలియాలో 1,652 మందితో జరిగిన ప్రయోగంలో కొత్తగా వచ్చిన నడుము నొప్పికి పారాసిటమాల్ ఖాళీ బిళ్లను మించలేదని 2014లో తేలింది. నల్లమందు జాతి మందులూ కొత్త నడుము, మెడ నొప్పులకు అంతేనని 2023లో మరో ప్రయోగం చెప్పింది. అంటే నడుము నొప్పికి సూదులు పక్కన పెట్టమంటే వాటి చోట పెట్టడానికి డాక్టరు దగ్గర గట్టి మందు ఉందని కాదు. ఈ ఖాళీయే ఆక్యుపంక్చర్‌ను బతికిస్తోంది.

మార్గదర్శకాల్లోని గజిబిజి ఇక్కడి నుంచే వచ్చింది. బ్రిటన్ ప్రభుత్వ సంస్థ నైస్ 2009లో నడుము నొప్పికి పది విడతల దాకా ఆక్యుపంక్చర్ ఇవ్వొచ్చంది. 2016లో ఉత్తుత్తి సూదితో పోలికకు పెద్దపీట వేసి వద్దంది. 2021లో కారణం తెలియని దీర్ఘకాలిక నొప్పికి ఒక కోర్సు ఆలోచించొచ్చంది. మరుసటి ఏడాది మోకాళ్ల అరుగుదలకు వద్దంది. అమెరికాలో ఫిజీషియన్ల సంఘం 2017లో నడుము నొప్పికి మందుల కన్నా ముందు ప్రయత్నించాల్సిన వాటిలో దీన్ని చేర్చింది. 2020 జనవరి నుంచి మెడికేర్ బీమా దీర్ఘకాలిక నడుము నొప్పికి 90 రోజుల్లో 12 విడతల ఖర్చు ఇస్తోంది. గుణం కనిపిస్తే మరో ఎనిమిది. ఈ నిర్ణయం వెనక ఉన్నది సూది మీద పుట్టిన కొత్త నమ్మకం కన్నా నల్లమందు మాత్రల భయం. డాక్టర్లు రాసిచ్చిన మాత్రలకు బానిసలై జనం చచ్చిపోతున్న దేశంలో, పెద్దగా హాని చేయనిది ఏదైనా మేలే అనిపించింది.

ఆ తర్కాన్ని తెచ్చి ఇక్కడ యథాతథంగా అతికించలేం. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల క్యాన్సర్ రోగికి కూడా మార్ఫిన్ అందడం గగనమైంది. 2014లో చట్టాన్ని సడలించారు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి లాంటి చోట్ల ఉపశమన వైద్య విభాగాలు ఉన్నా, జిల్లాల్లో ఆ అందుబాటు తక్కువ. క్యాన్సర్ నొప్పితో మెలికలు తిరిగే మనిషికి కావాల్సింది ముందు మార్ఫిన్.

మిగతా ప్రత్యామ్నాయాలు

నొప్పి బజారులో సూది ఒక్కటే లేదు. మోకాళ్లకు దశాబ్దాలుగా అమ్ముడవుతున్న గ్లూకోసమిన్, కాండ్రాయిటిన్ మాత్రలు 2006లో 1,583 మందితో జరిగిన అమెరికా ప్రయోగంలో మొత్తం మీద ఖాళీ బిళ్లను దాటలేదు. యోగా దీర్ఘకాలిక నడుము నొప్పిని కొద్దిగా తగ్గిస్తుంది, ఏ వ్యాయామమూ చేయనివారితో పోలిస్తే. ఆయుర్వేద తైలంతో మర్దన హాయినిస్తుంది. లోపలికి పుచ్చుకునే మందుల దగ్గర జాగ్రత్త అవసరం. 2004లో బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో 14లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి బయటపడింది.

పరీక్షకు నిలిచినవి మందుల షాపులోకి మారిపోయి, ప్రత్యామ్నాయం అన్న పేరు పోగొట్టుకుంటాయి. దీనికి మనకు అన్నింటికన్నా దగ్గర ఉదాహరణ మిరపకాయ. కారం చేసిన రోజు చేతులు మండటం గుంటూరు ఇల్లాళ్లకు కొత్త కాదు. ఆ మంటకు కారణం క్యాప్సైసిన్. అది తగిలే నరాల గ్రాహకాన్ని గుర్తించినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021 నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. అదే క్యాప్సైసిన్‌ను 8 శాతం మోతాదులో పట్టీగా చేసి, సర్పి తగ్గాక కూడా వదలని నరాల మంటకు అతికిస్తున్నారు. మొదట మండించి, తర్వాత ఆ నరాల కొసల్ని మొద్దుబారుస్తుంది.

భారతదేశంలో, తెలుగు నేల మీద

ఆక్యుపంక్చర్ మన దేశానికి వచ్చిన దారిలో ఒక స్వాతంత్ర్యోద్యమ అధ్యాయం ఉంది. 1938లో కాంగ్రెస్ చైనాకు పంపిన ఐదుగురు వైద్యుల బృందంలో ద్వారకానాథ్ కోట్నిస్ ఉన్నారు. తెలుగు పద్మశాలీలు తరతరాలుగా మగ్గాలు నడిపిన సోలాపూర్ ఆయన సొంతూరు. 1942లో ఆయన చైనాలోనే కన్నుమూశారు. అదే బృందంలో తిరిగొచ్చిన బిజయ్ కుమార్ బసు 1950ల చివర్లో మళ్లీ వెళ్లి సూదివైద్యం నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు. దేశంలో ముందుగా చట్టం చేసింది కూడా పశ్చిమ బెంగాలే, 1996లో. కేంద్ర ఆరోగ్య శాఖ 2003లో దీన్ని ఒక చికిత్సా పద్ధతిగా మాత్రమే ఒప్పుకుంది; 2019లో స్వతంత్ర విధానంగా గుర్తించింది. తెలుగు రాష్ట్రాల్లో దీన్ని ఎక్కువగా చేసేది ప్రకృతి వైద్యులు. ఐదున్నరేళ్ల బీఎన్‌వైఎస్ చదువులో ఇదొక పాఠ్యాంశం. వారితోపాటు కొద్ది వారాల శిక్షణ సర్టిఫికెట్టు గోడకు తగిలించుకున్నవారూ ఉన్నారు.

పోటు పెట్టి పోటు తగ్గించడం మన పల్లెలకు తెలియనిది కాదు. నడుముకు వాతలు పెట్టించుకోవడం, కొమ్ము పెట్టించుకోవడం, ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పరుగెత్తడం నేటికీ ఉన్నాయి. కీళ్ల నొప్పులతో ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్లిన పెద్దవాళ్లు మాత్రలు మాత్రమే ఇస్తే ముఖం చిన్నబుచ్చుకుంటారు. “సూదెయ్యకుండా పంపించాడు, ఏం డాక్టరు!” అని అరుగు మీద కూర్చుని దెప్పిపొడుస్తారు. ఈ నమ్మకం ఒట్టి అమాయకత్వం కాదని హార్వర్డ్‌లో టెడ్ కాప్చుక్ ప్రయోగం చూపిస్తుంది. చెయ్యి నొప్పి ఉన్న 270 మందికి ఉత్తుత్తి బిళ్లో ఉత్తుత్తి సూదో ఇస్తే, కాలం గడిచేకొద్దీ నొప్పిని ఎక్కువ తగ్గించింది సూదే. రెండింటిలోనూ మందు లేదు. ఆయనే మరో ప్రయోగంలో పేగుల బాధతో వచ్చిన 262 మందిని మూడు గుంపులు చేశాడు. ఉత్తుత్తి సూదితోపాటు డాక్టరు తీరిగ్గా కూర్చుని కష్టం విన్న గుంపులో 62 శాతం మంది తేలికపడ్డామన్నారు. మాట లేకుండా సూది మాత్రం గుచ్చిన గుంపులో 44 శాతం, వరసలో వేచి ఉన్నవారిలో 28 శాతం. మన ప్రభుత్వాసుపత్రి ఓపీలో ఒక రోగికి దక్కే సమయం తెలిసినవారికి, అరగంట పడుకోబెట్టి పేరు పెట్టి పలకరించే చోటికి జనం ఎందుకు పోతారో చెప్పనక్కర్లేదు.

ప్రమాదాలు

తెలిసినవారు చేస్తే ఆక్యుపంక్చర్‌తో ప్రమాదాలు అరుదు. జర్మనీలో 2,29,230 మందిని గమనించిన పరిశీలనలో 8.6 శాతం మందికి ఏదో ఒక ఇబ్బంది కలిగింది. ఎక్కువ భాగం చిన్న రక్తస్రావం, కమిలిన మచ్చలు, పోటు. ఇద్దరికి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరింది. భుజాల మధ్య, మెడ కింద లోతుగా గుచ్చినప్పుడు ఈ ముప్పు ఉంటుంది. ఆయాసం, ఛాతీలో పోటు వస్తే వెంటనే ఆస్పత్రికి పోవాలి. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే హెపటైటిస్-బి అంటుకుంటుంది. 1984లో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక్క క్లినిక్ నుంచే 35 మందికి సోకింది. సీలు తీసి కళ్లముందే విప్పే ఒక్కసారి వాడి పారేసే సూదులే అడగాలి. రక్తం పలచబడే మందులు వాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

అసలు ముప్పు సూదిలో కన్నా ఆలస్యంలో ఉంది. వెన్నుపూసకు టీబీ రావడం మన దేశంలో అరుదేమీ కాదు. మొదట్లో అది మామూలు నడుము నొప్పిలాగే ఉంటుంది. రొమ్ము, ప్రోస్టేట్ క్యాన్సర్లు ఎముకకు పాకినా అంతే. సూదులతో నాలుగు రోజులు ఉపశమనం దొరికితే పరీక్ష నెలలు వాయిదా పడుతుంది. నడుము నొప్పితోపాటు సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా వదలని రాత్రి సలుపు, కాళ్లలో పట్టు తప్పడం, మూత్రం అదుపు తప్పడం వీటిలో ఏది కనిపించినా ముందు ఎక్స్‌రే, రక్తపరీక్ష, అవసరమైతే ఎమ్మారై చేయించాలి. కాళ్లు చచ్చుబడుతున్నా, మూత్రం ఆగిపోయినా అదే రోజు సర్జన్‌కు చూపించాలి.